పని అయ్యాక కంప్యూటర్ షట్‌డౌన్ చేయాలా.. స్లీప్‌లో వదిలేయాలా? 200 యూనిట్లు దాటితే జేబుకు చిల్లే!

తెల్లాపూర్, నల్లగండ్ల, ఉస్మాన్‌నగర్ వైపు అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు ఇంటికి ఒక కంప్యూటర్ కాదు.. రెండు, మూడు ఉంటున్నాయి. ఆఫీస్ వాళ్లు ఇచ్చిన ల్యాప్‌టాప్ ఒకటి, పిల్లల చదువుకీ గేమ్స్‌కీ డెస్క్‌టాప్ ఇంకొకటి. 2020 మార్చి లాక్‌డౌన్‌తో మొదలైన వర్క్ ఫ్రం హోమ్ చాలా ఐటీ కంపెనీల్లో ఏదో ఒక రూపంలో ఇంకా నడుస్తోంది. పని అయిపోగానే మూత వేసి లేచిపోయేవాళ్లు కొందరు. టీ తాగడానికి లేచినా షట్‌డౌన్ కొట్టేసేవాళ్లు మరికొందరు. ఇద్దరిలో ఎవరిది కరెక్ట్?

సూటిగా చెప్పాలంటే.. గంటా రెండు గంటల గ్యాప్‌కి స్లీప్ చాలు. రాత్రి పడుకునే ముందు ఆఫ్ చేయడం మంచిది. వారానికి ఒకసారైనా రీస్టార్ట్ కొట్టాలి. అసలు చేయకూడనిది మాత్రం ఒకటుంది. మానిటర్ ఒక్కటే ఆర్పేసి, సీపీయూను తెల్లవార్లూ నడుస్తూ వదిలేయడం. చాలా ఇళ్లలో జరుగుతోంది ఇదే.

మాటిమాటికీ ఆన్ ఆఫ్ చేస్తే పాడవుతుందా?

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. పాతకాలం హార్డ్ డిస్క్‌లలో పళ్లెం లాంటి ప్లేట్లు తిరుగుతుంటాయి. ఆపి మొదలుపెట్టిన ప్రతిసారీ వాటి మీద కొంత ఒత్తిడి పడుతుంది. లోపలి భాగాలు వేడెక్కడం, మళ్లీ చల్లబడడం వల్ల కూడా అరుగుదల ఉంటుంది. అందుకే అప్పట్లో ఆఫీసుల్లో కంప్యూటర్లను ఆపకుండా నడిపేవాళ్లు. అయితే ఆ డిస్క్‌లు కూడా వేల సార్లు ఆన్ ఆఫ్‌ను తట్టుకునేలా తయారైనవే. రోజుకు ఐదుసార్లు ఆపినా ఏడాదికి రెండు వేల సార్లు కూడా కాదు. ఇప్పుడు దాదాపు అన్ని ల్యాప్‌టాప్‌లలో వచ్చే ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు. కాబట్టి రోజుకు ఒకటి రెండుసార్లు ఆఫ్ చేస్తే ఏదో అయిపోతుందన్న దిగులు అక్కర్లేదు.

పైగా నడుస్తూ వదిలేస్తేనే నష్టం ఎక్కువ. ఫ్యాన్ తిరిగినంతసేపూ బయటి గాలిని లోపలికి లాగుతుంది. గాలితోపాటు దుమ్మునీ లాగుతుంది. చుట్టూ టవర్ల నిర్మాణం సాగుతున్న తెల్లాపూర్, కొల్లూరు లాంటి చోట బాల్కనీ తలుపు తీస్తే టేబుల్ మీద దుమ్ము పేరుకుపోవడం అక్కడి వాళ్లకు కొత్తేం కాదు. అదే దుమ్ము సీపీయూ లోపలా పేరుకుంటుంది. వేడి బయటకు పోదు. ఎండాకాలంలో అయితే చెప్పనక్కర్లేదు.

కరెంట్ బిల్లు లెక్క ఇదీ..

మామూలు డెస్క్‌టాప్ ఏ పనీ చేయకుండా ఊరికే ఆన్‌లో ఉన్నా సుమారు 60 వాట్లు తీసుకుంటుందనుకుందాం. వాడని 16 గంటలు అలాగే వదిలేస్తే రోజుకు దాదాపు ఒక యూనిట్. నెలకు సుమారు 30. అదే స్లీప్‌లో పెడితే రెండు మూడు వాట్లే కాబట్టి నెలంతా కలిపి ఒకటిన్నర యూనిట్ దాటదు. షట్‌డౌన్ చేస్తే అంతకంటే తక్కువ. అంటే స్లీప్‌కీ షట్‌డౌన్‌కీ మధ్య తేడా నెలకు పది రూపాయల లోపే. ఊరికే నడపడానికీ స్లీప్‌కీ మధ్యే అసలు తేడా.

30 యూనిట్లే కదా అనుకోవద్దు. తెలంగాణలో 2022లో వచ్చిన టారిఫ్ ప్రకారం నెలకు 100 దాటి 200 యూనిట్ల లోపు వాడేవారికి మొదటి వంద రూ.3.40 చొప్పున, తర్వాతి వంద రూ.4.80 చొప్పున పడుతుంది. 200 దాటితే స్లాబే మారిపోతుంది. మొదటి యూనిట్ నుంచే రూ.5.10, ఆపైన వాటికి రూ.7.70. ఒక ఇంట్లో మామూలుగా 185 యూనిట్లు కాలుతున్నాయనుకుంటే ఎనర్జీ ఛార్జీ రూ.748. డెస్క్‌టాప్ వల్ల ఇంకో 30 కలిసి 215 అయితే అది రూ.1,135 దాటుతుంది. ఆ 30 యూనిట్ల ఖరీదు దాదాపు రూ.387! గృహజ్యోతి లబ్ధిదారులకైతే దెబ్బ ఇంకా గట్టిది. 200 యూనిట్ల లోపు ఉంటే జీరో బిల్లు. దాటితే మొత్తం కట్టాల్సిందే. ఏసీలు రెండు మూడు ఉండి 400 యూనిట్లు దాటే ఇళ్లలో యూనిట్ రూ.9.50 కాబట్టి అక్కడా నెలకు రూ.285 ఊరికే పోయినట్టే.

ల్యాప్‌టాప్‌కి ఇంత లెక్క లేదు. అది నడిచినా డెస్క్‌టాప్ తీసుకునే దాంట్లో ఐదారో వంతే.

షట్‌డౌన్ చేసినా ఆగట్లేదా?

"నేను రోజూ షట్‌డౌన్ చేస్తాను, అయినా సిస్టమ్ స్లో" అనే మాట తరచూ వినిపిస్తుంటుంది. కారణం ఫాస్ట్ స్టార్టప్. 2012లో విండోస్ 8తో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఫీచర్ ఇది. షట్‌డౌన్ కొట్టినప్పుడు మీరు తెరిచిన ప్రోగ్రామ్‌లు మూతపడతాయి కానీ, విండోస్ గుండెకాయ లాంటి కెర్నల్ పూర్తిగా ఆగదు. దాని స్థితిని డిస్క్ మీద దాచిపెట్టి, మర్నాడు అక్కడి నుంచే మొదలుపెడుతుంది. అందుకే తొందరగా ఆన్ అవుతుంది. లోపలి చిక్కులు కూడా అలాగే వెంట వస్తాయి.

నమ్మకం కుదరకపోతే టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కండి. కింద 'అప్ టైమ్' కనిపిస్తుంది. నిన్న రాత్రే షట్‌డౌన్ చేసిన సిస్టమ్‌లో అక్కడ పది, ఇరవై రోజులు చూపిస్తే ఆశ్చర్యపోవద్దు. రీస్టార్ట్ కొడితే మాత్రం కెర్నల్ కొత్తగా మొదలవుతుంది. షిఫ్ట్ కీ నొక్కిపట్టి షట్‌డౌన్ మీద క్లిక్ చేసినా పూర్తిగా ఆగుతుంది.

సెక్యూరిటీ అప్‌డేట్లకూ రీస్టార్టే దిక్కు. డౌన్‌లోడ్ అయినా, రీస్టార్ట్ అయ్యేదాకా చాలా ప్యాచ్‌లు పనిచేయవు. 2017 మే 12న ప్రపంచాన్ని వణికించిన వానాక్రై వైరస్ సంగతే చూడండి. దాన్ని అడ్డుకునే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే విడుదల చేసింది. దాదాపు రెండు నెలలు గడిచినా ప్యాచ్ వేసుకోని సిస్టమ్‌లకు అది చుట్టుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి.

దీనికి రివర్స్ కేసు కూడా ఉంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ పంపిన తప్పుడు అప్‌డేట్ వల్ల సుమారు 85 లక్షల విండోస్ మెషీన్లు నీలి తెరతో ఆగిపోయాయి. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చింది ఆ రోజే. మన టైమ్ ప్రకారం ఉదయం 9.39 నుంచి 10.57 మధ్య ఆన్‌లైన్‌లో ఉన్న సిస్టమ్‌లకే ఆ అప్‌డేట్ అందింది. ఆ గంటంబావు ఆఫ్‌లో ఉన్నవి తప్పించుకున్నాయి. ఇలాంటివి అరుదు. దాన్ని చూసి అప్‌డేట్లు ఆపేసుకుంటే మాత్రం వానాక్రై రకం ముప్పును పిలిచినట్టే.

కరెంట్ పోతే స్లీప్ గతేంటి?

స్లీప్‌లో మీ పని ర్యామ్‌లో ఉంటుంది. కరెంట్ ఉన్నంతసేపే ర్యామ్‌కి జ్ఞాపకం. గేటెడ్ కమ్యూనిటీల్లో జనరేటర్ ఉంటుంది నిజమే.. కానీ మెయిన్ పోయి జనరేటర్ అందుకునేలోపు కొన్ని సెకన్ల గ్యాప్ వస్తుంది. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌కి ఆ గ్యాప్ చాలు, సేవ్ చేయని ఎక్సెల్ షీట్ గల్లంతు. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది కాబట్టి ఆ బాధ లేదు. డెస్క్‌టాప్ వాడేవారు హైబర్నేట్ పెట్టుకుంటే మేలు. తెరిచిన ఫైళ్లన్నీ డిస్క్ మీద రాసుకుని ఆగిపోతుంది, కరెంట్ పోయినా ఏమీ కాదు. విండోస్‌లో ఇది చాలాసార్లు దాగి ఉంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి, పవర్ బటన్ ఏం చేయాలో ఎంచుకునే చోట హైబర్నేట్‌కి టిక్ పెట్టాలి. ఫాస్ట్ స్టార్టప్‌ని తీసేసే చోటు కూడా అదే.

ఆఫీస్ బ్యాగులో పెట్టేముందు..

మూత వేసిన ల్యాప్‌టాప్‌ను నేరుగా బ్యాగులో తోసేయడం మంచిది కాదు. కొత్త మోడళ్లలో స్లీప్ అంటే ఫోన్ లాంటి నిద్ర. మధ్యమధ్యలో లేచి మెయిల్స్, అప్‌డేట్లు చూసుకుంటుంది. గాలి ఆడని బ్యాగులో అలా లేస్తే వేడెక్కుతుంది, బ్యాటరీ దిగిపోతుంది. తెల్లాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా ట్రాఫిక్‌లో గంటసేపు ఆ వేడిలో ఉంటే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. బయల్దేరేముందు హైబర్నేట్ గానీ షట్‌డౌన్ గానీ చేయడమే సేఫ్.

కంపెనీ ల్యాప్‌టాప్ విషయంలో ఇంకో మాట. కొన్ని ఐటీ టీమ్‌లు రాత్రిపూట ప్యాచ్‌లు వేస్తాయి, ఆ రోజు ఆన్‌లో ఉంచమని మెయిల్ పెడతాయి. మైక్రోసాఫ్ట్ నెలవారీ ప్యాచ్‌లు వచ్చేది ప్రతి నెలా రెండో మంగళవారం, అంటే మనకు ఆ రాత్రికి. అలాంటి మెయిల్ వస్తే ఛార్జర్ పెట్టి, మూత తెరిచి వదిలేయాలి. ఉరుములు మెరుపులతో వాన పడుతుంటే మాత్రం ప్లగ్ పీకేయండి. డెస్క్‌టాప్‌కి రౌటర్ నుంచి వచ్చే ల్యాన్ కేబుల్ కూడా తీసేయాలి, ఎందుకంటే సర్జ్ ఆ దారిన కూడా వస్తుంది.