సమాన సభ్యత్వము - అసమానాధికారము

యజమాని లేని కర్మాగారమున అధికారమును ఉండదని తలచుట మంచి మనస్సు గలవారికి సహజము. పనిచేయువారే సొంతదారులు, ఒక్కొక్కరికి ఒక్కొక్క ఓటు, లాభము వచ్చినచో అందరికిని పంపకము. ఇక పీడించువా డెవడు? పీడింపబడువా డెవడు? కాని సహకారోద్యమ చరిత్రను కొంత శ్రద్ధతో పరిశీలించినచో, ఓటు సమానమైనంత మాత్రమున మాట సమానము కాదని తెలియగలదు. ఈ సంగతిని రెండు దృష్టాంతముల మూలమున విచారింప దలచినాము.

మొదటిది ఇంగ్లండులోని రాచ్‌డేలు పట్టణము. 1844లో అచట 28 మంది కూడి చిల్లర దుకాణమును తెరచిన కథ సహకారమునుగూర్చి వ్రాసిన ప్రతి పుస్తకమునందును కనుపించును. పదేండ్ల తరువాత, అనగా 1854లో, ఆ ఉద్యమమువారే నెలకొల్పిన వస్త్రోత్పత్తి సంఘము కథ మాత్రము అంతగా వినరాదు. మూలధనమునకు వడ్డీ ఇచ్చిన పిమ్మట మిగిలిన లాభములో శ్రమకును భాగముండవలెనని దాని నియమము. సంఘము వృద్ధిపొందినది, పెద్ద మిల్లు కట్టవలసివచ్చినది, మిల్లునకు ధనము కావలసివచ్చినది. వాటా కొనిన ప్రతివాడును సభ్యుడయ్యెను. వారిలో అనేకులు ఆ మిల్లులో పని చేయువారు కారు. తాము పెట్టిన సొమ్ముపై రావలసిన లాభము కూలివారికేల పోవలెనని వారు ప్రశ్నింప నారంభించిరి. తుదకు 1862లో శ్రమకిచ్చు భాగము రద్దయ్యెను.

ఇందులో అక్రమ మేదియు జరుగలేదు. ఎవరును దొంగలెక్కలు వ్రాయలేదు, బలాత్కారము చేయలేదు. ఓట్లు లెక్కించిరి, ఎక్కువమంది కోరినది నెగ్గినది. సమానమైన ఓటే శ్రామికుని హక్కును హరించినది! 1891లో సహకారోద్యమమునుగూర్చి గ్రంథము వ్రాసిన బియాట్రిస్ పాటర్, ఉత్పత్తిదారుల సంఘములు నిలుచుట అరుదనియు, నిలిచినవి పెట్టుబడిదారుల సంఘములుగా మారుననియు సందేహించుటకు ఇట్టి అనుభవములే ఆధారము. అందుచేత సభ్యులకు హక్కు లెట్టివని అడుగుటకు ముందు సభ్యు లెవరని అడుగవలెను.

రెండవ దృష్టాంతము ఈ ప్రశ్నకు స్పష్టముగా ప్రత్యుత్తర మిచ్చినది. స్పెయినుదేశమున, బాస్కుల సీమలో, మోండ్రాగోన్ అను చిన్న పట్టణమునకు 1941లో హోసే మరియా అరిస్మెందియారియెతా అను యువ మతాచార్యుడు వచ్చెను. అంతర్యుద్ధము ముగిసి రెండేండ్లే అయినది. ఆయన 1943లో వృత్తివిద్యాశాలను తెరచెను. అచట చదివినవారిలో ఐదుగురు 1956లో తమ యింటిపేర్ల అక్షరములనే పేరుగా కూర్చి ‘ఉల్గోర్’ అను సంస్థను స్థాపించిరి. 1959లో ఈ సంఘములకు సొంత బ్యాంకు ఏర్పడినది. పనిచేయువాడే సభ్యుడు, చేరునపుడు కొంత మూలధనము చెల్లింపవలెను, ధన మెంత యున్నను ఓటు ఒక్కటియే. అత్యధిక వేతనము అత్యల్ప వేతనమునకు మూడు రెట్లను మించరాదని తొలినాటి కట్టుబాటు. రాచ్‌డేలులో తెరచియుండిన ద్వార మిచట మూయబడినది.

అయినను 1974లో ఉల్గోర్ పనివారు సమ్మె కట్టిరి. అప్పటికి సంస్థలో మూడువేలకు మించిన జనము కలరు. ఏ పనికి ఎంత విలువ, ఎవరిది ఏ తరగతి అని నిర్వాహకులు క్రొత్తగా నిర్ణయించుటయే తగవునకు మూలము. పాలకవర్గము 17 మందిని సంఘమునుండి వెలివేసినది. మరి యెందరికో జరిమానా విధించినది. వెలివేయబడినవారు సాధారణ సభకు మొరపెట్టుకొనిరి. సభ పాలకవర్గమునే బలపరచినది. 1978లో గాని వారికి తిరిగి చేరుటకు అనుమతి లభింపలేదు.

నిర్వాహకుల వాదము త్రోసివేయదగినది కాదు. సొంతదారు తనపై తానే సమ్మె కట్టుట యెట్లు? బజారులో పోటీకి నిలువవలసిన కర్మాగారమున ప్రతి ఆజ్ఞకును సభ కూర్చుట సాధ్యమా? నిజమే. కాని పాలకవర్గమును ఎన్నుకొను సభ తరచుగా కూడునది కాదు. తక్కిన దినములన్నిటను పత్రములు సిద్ధపరచువా రెవరు? లెక్కలు ఎరిగినవా రెవరు? ఏ ప్రశ్న సభకు రావలెనో, ఏది రాకూడదో తీర్మానించువా రెవరు? ఎనిమిది గంటలు యంత్రము ముందు నిలిచి అలసిన సభ్యునికిని, ఎనిమిది గంటలు ఆ లెక్కలనే చూచుచుండిన సభ్యునికిని ఓటు ఒక్కటే. తెలివిడి ఒక్కటి కాదు, తీరిక ఒక్కటి కాదు. పనివారి తరపున మాటాడుటకు ప్రత్యేకముగా ఒక మండలి యుండెను గాని, అది సలహా నిచ్చునదే గాని నిర్ణయించునది కాదు. అది పైవారి మాటలను క్రిందికి మోసినంతగా క్రిందివారి మాటలను పైకి మోయలేదని పలువురు తలచిరి. మాటకు త్రోవ లేనిచోట అసంతృప్తి సమ్మెగా పరిణమించుటలో వింత యేమున్నది? ఈ పాఠమును వారు కొంత గ్రహించి, మండలి పద్ధతులను సవరించుకొనిరి. సంస్థలు మితిమీరి పెరుగరాదని తలచిరి.

సమానత్వపు ఎల్లలను స్త్రీలు మరియొక విధముగా చవిచూచిరి. తొలినాళ్లలో వివాహమైన స్త్రీ పని విడువవలసియుండెను. 1969లో స్త్రీలే ‘ఔసో లగున్’ అను సంఘమును పెట్టుకొని, వంట, శుభ్రత మొదలగు పనులను తమకు వీలైన వేళలలో చేయసాగిరి. ఇది వారికి సంపాదన నిచ్చినది. కాని ఇంటిపనినే బయటను అప్పగించినది. తరువాతి కాలమున ఉల్గోర్ వారసత్వమును పొందిన సంస్థ పోలెండు, ఫ్రాన్సు దేశములలో కర్మాగారములను కొన్నది. అచటి పనివారు కూలివారే గాని సభ్యులు కారు. 2013లో ఆ సంస్థ దివాలా తీసినపుడు స్వదేశపు సభ్యులలో అనేకులకు సోదర సంఘములలో పని దొరకినది. సభ్యులు కానివారికి ఆ యాశ్రయము లేకపోయెను.

ఇవన్నియు చూచి, సమానత్వము వట్టి కల యని నిట్టూర్చుట మాకు సమ్మతము కాదు. యజమాని యున్న మిల్లులో 17 మందిని తొలగించినచో ఆ ప్రశ్నను నాలుగేండ్లకైనను సభలో తిరిగి విచారించువా రెవరు? మోండ్రాగోన్‌లో అది జరిగినది. లోపమును దిద్దుకొను మార్గము లోపలనే యుండుట సామాన్యమైన లాభము కాదు. అయితే ఆ మార్గము దానంతట అది తెరచియుండదు.

మన చేనేత సహకార సంఘములలోను, స్త్రీల పొదుపు సంఘములలోను ఈ పరీక్ష ప్రతిదినమును జరుగుచునేయున్నది. లెక్కల పుస్తకము ఏండ్లతరబడి ఒక్కరి చేతనే యున్నచో, చదువు వచ్చిన ఒక్కామెయే వ్రాసి తక్కినవారు వేలిముద్ర వేయుచున్నచో, అచట సభ్యులు సమానులని చెప్పుట మర్యాదకు మాత్రమే. పదవులు వంతులవారీగా మారవలెను. లెక్కలు అందరికిని తెలియు భాషలో చదివి వినిపింపవలెను. కాదన్నవాని మాట తీర్మానముతో బాటు పుస్తకమున కెక్కవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, నేడు చదువురాని సభ్యురాలు రేపు ఆ పుస్తకమును తానే విప్పి తప్పు చూపగలుగునట్లు ఆమెకు చదువు చెప్పవలెను. అరిస్మెందియారియెతా కర్మాగారమునకంటె పదమూడేండ్లు ముందుగా పాఠశాలను తెరచుట ఇందుకే యని మేము తలచుచున్నాము.