ఛలము, హేత్వాభాసము: తెలుఁగున వాని గతి

దుష్టవాదమును నిందించుటకుఁ దెలుఁగున మాటలకుఁ గొఱఁత లేదు. మొండివాదము, తొండివాదము, అడ్డగోలు వాదము, పిడివాదము, వితండవాదము - ఎన్నియైనఁ గలవు. కాని యివి వాదించువాని గుణమును జెప్పును. వాదమున దోషమెచ్చట నున్నదో చెప్పవు. శాస్త్రకారులు పెట్టిన పేళ్లు దోషస్థానమునే చూపును. అట్టి పేళ్లలోఁ గొన్ని మన భాషలోనికి వచ్చియుఁ దమ పని నేల మానుకొన్నవో విచారింపఁదగియున్నది.

గౌతముని న్యాయసూత్రములందు హేత్వాభాసములు 5, ఛలములు 3, జాతులు 24. హేతువువలెఁ దోఁచియు హేతువు గానిది హేత్వాభాసము. వక్త తలఁపని యర్థమును దెచ్చి వాని మాటను ఖండించుట ఛలము. వ్యాప్తి నపేక్షింపక కేవల సాధర్మ్య వైధర్మ్యములచే నెదురు చెప్పుట జాతి.

ఛలమునకు వాత్స్యాయనభాష్యమున నున్న యుదాహరణము మా కంబదూరు ప్రాంతమువారికి సుబోధము. కఱవుసీమయగు నీ యనంతపుర మండలమున గొఱ్ఱెలు కాచుటయుఁ గంబళ్లు నేయుటయుఁ గురుబవారికిఁ బరంపరాగతమైన వృత్తి. ఒక బాలుని ‘నవకంబళుఁ’డనఁగాఁ గ్రొత్త కంబళి గలవాఁడని వక్త భావము. ఎదుటివాఁడు నవశబ్దమునకుఁ దొమ్మిదియను నర్థము పట్టి, వీనికున్న కంబళి యొక్కటియే, తొమ్మిది యెక్కడివని త్రోసివేయును. ఇది వాక్ఛలము. (తెలుఁగువాఁడు తన మాటలలోఁ జెప్పినచో నీ చిక్కే లేదు, క్రొత్త వేఱు, తొమ్మిది వేఱు.) ఉపచారచ్ఛలమునకు మంచెల యుదాహరణము ప్రసిద్ధము. చేను కాచువాఁడు మంచెపైనుండి కేక వేయఁగా ‘మంచెలు కేకలు వేయుచున్న’వందుము. కొయ్య యెట్లఱచునని యడుగుట ఛలము.

చరకసంహిత విమానస్థానమున ఛలము రెండు విధములే: వాక్ఛలము, సామాన్యచ్ఛలము. అందును నవశబ్దమే యుదాహరణము. కంబళికి మాఱుగా వైద్యుఁడు చదివిన తంత్రము వచ్చినది. వైద్యుల సభలందును, దార్కికుల సభలందును నొకే హాస్యము తిరుగుచుండెనని తోఁచును. నాగార్జునుని పేర నిలిచి టిబెట్టు భాషలో మిగిలిన వైదల్యప్రకరణము గౌతముని 16 పదార్థములను, ఛలజాతులతోఁ గూడ, ఖండించినది.

17వ శతాబ్దమున నాంధ్రుఁడగు అన్నంభట్టు తర్కసంగ్రహమును రచించెను. సవ్యభిచారము, విరుద్ధము, సత్ప్రతిపక్షము, అసిద్ధము, బాధితము నను హేత్వాభాసములకు మూలముననే లక్షణములున్నవి. ఛలజాతులకు మూలమునఁ జోటు లేదు. దీపిక చివర సంక్షేపముగా ముగిసినవి. మనలోఁ దర్కమును సంగ్రహముతో ముగించినవారే పెక్కుమంది. కావున ఛలము శాస్త్రపదముగా మఱుగుపడెనని నా యభిప్రాయము.

మఱుగుపడిన మాట యూరకుండలేదు. దాని తద్భవమనఁదగిన తెలుఁగు ‘చలము’నకుఁ బట్టుదల, మాత్సర్యము నర్థములు. మాకుఁ బొరుగైన కన్నడమునను ఛలమనఁగాఁ బట్టుదలయే. వంచనాత్మకమగు ఖండనమునకుఁ బేరైనది ఖండించువాని మొండితనమునకుఁ బేరైనది! ఆభాస శబ్దము ‘అభాసుపాలు’గా మాఱి యవమానమును దెలుపుచున్నది. జాతిని వాదదోషమని యెఱిఁగిన తెలుఁగువాఁ డరుదు. వితండకు మిక్కిలి యన్యాయము జరిగినది. స్వపక్షమును స్థాపింపక పరపక్షమును మాత్రము ఖండించుటయే వితండ. ఆ ఖండనము నిర్దుష్టము గావచ్చును. శ్రీహర్షుని ఖండనఖండఖాద్యము వితండారీతినే నడచినది. దానిని మొండివాదమనఁ గలవాఁడెవఁడు?

ఈ మార్పువలని నష్ట మొక్క యుదాహరణముచేఁ దెలియును. కంబళ్లు నేయుదురు గావునఁ గంబదూరను పేరు వచ్చెనని యొకఁడు సాధింపఁ బూనెననుకొందము. మొండివాదమనిన నతఁడు కోపించును, వాదము మాత్రము చెక్కుచెదరదు. సవ్యభిచారమనినచోఁ గంబళ్లు నేసియు నీ పేరు లేని గ్రామమును జూపవలెను. అట్టివి మా చుట్టుపట్లనే యున్నవి, చూపినంత హేతువు కూలును. ఇంకొకఁడు కంబమనఁగా స్తంభమని చెప్పి, సత్ప్రతిపక్షమును నిలుపవచ్చును. అప్పు డుభయులును వాదము మాని యూరి ప్రాచీనరూపమునకై శాసనములు వెదకుకొనవలసినదే.