గ్వెన్‌లియన్ అనే పేరు

వేల్స్ దేశంలో ఆడపిల్లలకి పెట్టే పాత పేర్లలో గ్వెన్‌లియన్ ఒకటి. 'గ్వెన్' అంటే తెల్లనిది, అందమైనది, పునీతమైనది. వెల్ష్ భాషలో విశేషణానికీ లింగభేదం ఉంది. పురుషుడికైతే 'గ్విన్', స్త్రీకైతే 'గ్వెన్'. తెలుపునీ పవిత్రతనీ ఒకే మాటలో కట్టి ఆడపిల్ల మీద కప్పడం మనకేమీ కొత్త కాదు. రెండో సగం దగ్గర పండితులు విడిపోతారు. నారబట్ట అని కొందరు, ప్రవాహం అని కొందరు. ఈ పేరున్న ఇద్దరు స్త్రీల చరిత్ర చదివాక నాకైతే ప్రవాహమే నచ్చింది, భాషాశాస్త్రం ఏమన్నా సరే.

మొదటి గ్వెన్‌లియన్ గ్వినెద్ రాజు గ్రిఫిద్ అప్ కనన్ కూతురు. 1136లో నార్మన్ల మీద తిరుగుబాటు లేచినప్పుడు భర్త సాయం కోసం ఉత్తరాదికి, ఆమె పుట్టింటికే వెళ్ళాడు. ఆమె అతని కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. కిడ్వెల్లీ దగ్గర తనే సైన్యాన్ని నడిపి యుద్ధంలో చనిపోయింది. ఒక కొడుకు అక్కడే మరణించాడు, ఇంకొకడు బందీ అయ్యాడు. ఆ చోటుని ఇప్పటికీ 'మైస్ గ్వెన్‌లియన్', అంటే గ్వెన్‌లియన్ మైదానం అంటారు. ఆ శతాబ్దంలోనే ఆమె గురించి రాసిన మతాచార్యుడు గెరాల్డ్‌కి పోలిక కోసం అమెజాన్ల రాణి తప్ప ఎవరూ దొరకలేదు. పోరాడిన స్త్రీని పురాణంలోకి నెట్టేస్తే ఆమె రాజకీయం గురించి మాట్లాడే పని తప్పుతుంది కదా!

రెండో గ్వెన్‌లియన్ చేతికి కత్తి అందనే లేదు. 1282లో ఆమె పుడుతూనే తల్లి ఎలినార్ ప్రసవంలో పోయింది. వేల్స్ పాలకుడైన తండ్రి లెవెలిన్‌ని అదే ఏడు డిసెంబరు 11న ఇంగ్లీషు సైన్యం చంపింది. మొదటి ఎడ్వర్డ్ ఆ పసిబిడ్డని ఎక్కడో లింకన్‌షైర్‌లోని సెంప్రింగమ్ మఠానికి పంపేశాడు. ఆమె పెళ్ళాడి కొడుకుని కంటే వాడు రాజ్యం అడుగుతాడు. అందుకని గర్భాన్ని గోడల మధ్య మూసేశారు. 1337లో చనిపోయేదాకా ఆమె అక్కడే ఉంది. ఆమె ఖర్చులకి మూడో ఎడ్వర్డ్ ఏడాదికి 20 పౌన్లు ఇప్పించాడు.

ఇంగ్లీషు రాతల్లో ఆమె పేరు 'వెన్సిలియన్' అయింది. పేరు మధ్యలోని ధ్వని, నాలుకని పళ్ళ వెనక ఆనించి పక్కలనుంచి గాలి ఊదితే వచ్చేది, ఇంగ్లీషులో లేదు. (మన లిపిలోనూ దానికి అక్షరం లేదు. నేను రాస్తున్న 'ల' ఒక రాజీ మాత్రమే.)

ఉత్తర వేల్స్ కొండల్లో లెవెలిన్ పేరుతో ఒక శిఖరం ఎంతోకాలంగా ఉంది. దానికి దగ్గర్లోని 926 మీటర్ల గార్నెద్ ఉఖావ్‌ని 2009లో కార్నెద్ గ్వెన్‌లియన్‌గా మార్చారు. మఠంలో పోయిన గ్వెన్‌లియన్ పేరది.