కొవ్వు మందులూ, మగవారి సంతానశక్తీ: తొంభై ఏళ్ల అనుమానం

కొలెస్ట్రాల్ మందు వేసుకుంటే మగతనం తగ్గుతుందా, పిల్లలు పుట్టరా అన్న సందేహం ఈనాటిది కాదు. దాని మూలం 1935లో ఉంది. జర్మనీకి చెందిన అడాల్ఫ్ బ్యూటెనాంట్, జ్యూరిచ్‌లో పనిచేస్తున్న లియోపోల్డ్ రుజిచ్కా ఆ ఏడాది ఎవరికి వారుగా కొలెస్ట్రాల్ నుంచి టెస్టోస్టిరాన్‌ను తయారుచేశారు. నాలుగేళ్లకు ఇద్దరికీ కలిపి రసాయనశాస్త్ర నోబెల్ ప్రకటించారు. వృషణాల్లోని లేడిగ్ కణాలు కూడా ఆ హార్మోన్‌ను కొలెస్ట్రాల్‌తోనే తయారుచేస్తాయని తర్వాత స్పష్టమైంది. ముడిసరుకు తగ్గితే సరుకూ తగ్గాలి కదా అన్నది అప్పటినుంచీ వెంటాడుతున్న తర్కం.

తర్కం ఉన్నా, పరీక్షించి చూడాలన్న తొందర మాత్రం ఎవరికీ లేకపోయింది. అంతకు ముందే, 1933లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు డైనైట్రోఫినాల్ అనే రసాయనం బరువు తగ్గిస్తుందని ప్రకటించారు. జనం ఎగబడి వాడారు. ఒళ్లు కాగిపోయి కొందరు చనిపోయారు, కొందరికి కళ్లలో శుక్లాలు వచ్చాయి. 1938లో కొత్త ఔషధ చట్టం వచ్చాక ఆ మందుకు తెరపడింది. కొలెస్ట్రాల్ తగ్గించేందుకు 1960లో అమెరికా మార్కెట్‌లోకి వచ్చిన ట్రైపరనాల్ కథా ఇంతే. కొలెస్ట్రాల్ తయారీలో చివరి మెట్టును అది ఆపేసేది. దాంతో సగంలో ఆగిన పదార్థం శరీరంలో పేరుకునేది. శుక్లాలు, జుట్టు రాలడం, చర్మ వ్యాధులు బయటపడి 1962లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. ప్రాణానికీ చూపుకూ భరోసా లేని రోజుల్లో వీర్యకణాల సంగతి అడిగేదెవరు?

ఆ ప్రశ్నకు చోటు దొరికింది స్టాటిన్లు అనే కొలెస్ట్రాల్ మందులు వచ్చాకనే. జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో 1970ల తొలినాళ్లలో వేలాది బూజు జాతులను జల్లెడపట్టి కాంపాక్టిన్ అనే స్టాటిన్‌ను కనుగొన్నారు. కొలెస్ట్రాల్ తయారీని మొదట్లోనే నెమ్మదింపజేస్తుంది కాబట్టి ట్రైపరనాల్ తెచ్చిన చిక్కు దీనితో రాలేదు. అదే కోవకు చెందిన లోవాస్టాటిన్‌కు 1987లో అమెరికా అనుమతి లభించింది. అయితే భారీ మోతాదుల్లో ఇచ్చినప్పుడు కుక్కల వృషణాలు కుంచించుకుపోయి, వీర్యకణాల ఉత్పత్తి తగ్గింది. మరో రకం కొవ్వు మందు జెమ్‌ఫిబ్రోజిల్ ఇచ్చిన మగ ఎలుకల్లో సంతానశక్తి తగ్గి, మందు ఆపాక ఎనిమిది వారాల్లో కోలుకుంది. ఈ ఫలితాలు మందు వివరాల పత్రాల్లోకెక్కాయి. పాత అనుమానానికి బలం చేకూరింది.

మనుషుల్లో ఏం జరుగుతుందో తేల్చాలంటే ముందు అందరికీ ఒకే కొలబద్ద కావాలి. వీర్య పరీక్షకు ప్రపంచ ఆరోగ్య సంస్థ తొలి మార్గదర్శిని తెచ్చింది 1980లోనే. 2000లో వెలువడిన ఒక అధ్యయనంలో సిమ్వాస్టాటిన్, ప్రవాస్టాటిన్‌లను మగవారికి 24 వారాలు ఇచ్చి చూస్తే, హార్మోన్‌లో గానీ వీర్యకణాల ఉత్పత్తిలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2013లో పలు అధ్యయనాలను కలిపి లెక్కిస్తే స్టాటిన్ల వల్ల మగవారిలో టెస్టోస్టిరాన్ లీటరుకు సగటున 0.66 నానోమోల్ తగ్గిందని తేలింది. సాధారణ స్థాయి సుమారు 10 నుంచి 30 మధ్య ఉంటుంది కాబట్టి ఆ తగ్గుదల స్వల్పం. లేడిగ్ కణాలు తమకు కావలసిన కొలెస్ట్రాల్‌ను సొంతంగానూ తయారుచేసుకోగలవు, రక్తం నుంచీ తీసుకోగలవు. ముడిసరుకు తర్కం పూర్తిగా ఫలించకపోవడానికి ఇదొక కారణం. అలాగని కథ ముగియలేదు. 2014లో ఆరోగ్యవంతులైన కొద్దిమంది యువకులకు అటోర్వాస్టాటిన్ ఇచ్చిన ఒక చిన్న అధ్యయనంలో వీర్యకణాల సంఖ్య తగ్గింది. పెద్ద అధ్యయనాల అవసరం ఇంకా తీరలేదు.

బరువు మందుల చరిత్ర ఇందుకు ఎదురుదిశలో నడిచింది. ఊబకాయంలో కొవ్వు కణజాలం టెస్టోస్టిరాన్‌ను ఈస్ట్రోజన్‌గా మారుస్తుంది. దాంతో మెదడు నుంచి వృషణాలకు అందే సంకేతాలు బలహీనపడతాయి. అంటే ఇక్కడ వీర్యానికి తొలి శత్రువు మందు కాదు, అది తగ్గించాలని చూస్తున్న బరువే. డెన్మార్క్ పరిశోధకులు 2022లో ప్రచురించిన అధ్యయనం దీన్ని లెక్కలతో చూపింది. ఊబకాయమున్న మగవారు ఎనిమిది వారాల మితాహారంతో సగటున 16.5 కిలోలు తగ్గితే, వీర్యకణాల సాంద్రత దాదాపు ఒకటిన్నర రెట్లయింది. ఆ తర్వాత ఏడాదిపాటు కొందరికి వ్యాయామం, కొందరికి లిరాగ్లుటైడ్ అనే బరువు మందు ఇంజెక్షన్, కొందరికి రెండూ ఇచ్చారు. తగ్గిన బరువును నిలుపుకున్నవారికి ఆ మేలు కూడా నిలిచింది. 2025లో మన దేశంలోకి వచ్చిన బరువు మందులు మౌంజారో, వెగోవీ కూడా లిరాగ్లుటైడ్ కుటుంబానివే. గర్భం కోరుకునే స్త్రీలు వెగోవీలోని సెమాగ్లుటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపాలని సూచన ఉంది. మగవారికి అలాంటి గడువు పెట్టలేదు.

ఈ చరిత్రలో అసలైన ప్రమాదం మరోచోట ఉంది. మందుల వల్ల మగతనం తగ్గిందేమోనన్న భయంతో కొందరు సొంతంగా టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీసుకుంటారు. 1990లో ప్రచురితమైన ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనంలో ఇదే హార్మోన్‌ను వారానికి 200 మిల్లీగ్రాముల చొప్పున మగవారికి గర్భనిరోధక సాధనంగా ఇచ్చి చూశారు. ఎక్కువమందిలో వీర్యకణాలు పూర్తిగా మాయమయ్యాయి. సంతానం కోరేవారికి ఈ సొంత వైద్యం చేటు చేస్తుంది.

తొంభై ఏళ్ల సాక్ష్యం చెప్పేది ఇదీ: స్టాటిన్ల మీది అనుమానానికి ఆధారం కొంతే, ఊబకాయం మీది నేరారోపణకు బలం ఎక్కువ. గుండె కోసం రాసిన మందును సొంత నిర్ణయంతో ఆపకండి. పిల్లల కోసం ప్రయత్నిస్తుంటే ఆ మాట డాక్టరుకు ముందే చెప్పి వీర్య పరీక్ష చేయించుకోండి. వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి మందు మార్చినా, బరువు తగ్గినా, ఫలితం చూడటానికి కనీసం మూడు నెలలు ఆగాలి.