పాపుల చిట్టాలో తాతముత్తాతలు

స్కాట్లండ్ నైరుతి తీరంలో ఎయిర్ అనే ఊరుంది. అక్కడి చర్చి రిజిస్టరులో 1759 జనవరి కింద ఒక చిన్న నమోదు కనిపిస్తుంది. అలోవేలో కాపురముంటున్న విలియం బర్న్స్‌కూ ఆయన భార్య ఆగ్నెస్ బ్రౌన్‌కూ సక్రమ సంతానంగా రాబర్ట్ అనే కొడుకు పుట్టాడు. పుట్టింది 25న. బాప్తిస్మం ఇచ్చింది విలియం డాల్‌రింపుల్ గారు. సాక్షులు జాన్ టెన్నంట్, జేమ్స్ యంగ్. స్కాట్లండ్ జాతీయకవి రాబర్ట్ బర్న్స్ భూమ్మీద పడ్డ సంగతి అంతటితో సరి.

ఆ మనిషే పెద్దవాడై, పక్క ప్రాంతంలోని మాక్లిన్ పారిష్‌లో, అంటే మాక్లిన్ చర్చి పరిధిలో, జీన్ ఆర్మర్ అనే మేస్త్రీ కూతుర్ని ప్రేమించాడు. పెళ్లి చేసుకున్నామని ఇద్దరూ ఒక కాగితం రాసుకున్నారు. జీన్ తండ్రికి ఈ అల్లుడు నచ్చలేదు, ఆ కాగితాన్ని చెల్లకుండా చేయించాడు. అప్పటికి పిల్ల గర్భవతి. సంగతి సంఘ పెద్దల చెవిన పడింది. 1786 వేసవిలో కవిగారు మూడు ఆదివారాలు చర్చిలో ఊరందరి ముందూ నిలబడి పాదిరి విలియం ఆల్డ్ చేత గద్దింపులు తిన్నాడు. ఆ సెప్టెంబరులో కవలలు పుట్టారు. రెండేళ్లకు, 1788 ఆగస్టు 5న, దంపతులిద్దరూ పెద్దల సభ ముందుకొచ్చి తమది పద్ధతి ప్రకారం జరగని పెళ్లేనని ఒప్పుకున్నారు. మళ్లీ గద్దింపు. బర్న్స్ ఊరి పేదల కోసం ఒక గినీ సమర్పించుకున్నాడు. ఇదంతా సభ మినిట్స్ పుస్తకంలో భద్రంగా ఉంది.

పుట్టుకకు నాలుగు ముక్కలు, తప్పుకు రెండేళ్ల వ్యవహారం. స్కాట్లండ్‌లో పూర్వీకుల్ని వెతికేవాళ్లకు ఈ లెక్క కొత్తేమీ కాదు. బుద్ధిగా పుట్టి, బుద్ధిగా పెళ్లాడి, బుద్ధిగా పోయిన ముత్తాత గురించి రెండు లైన్లు దొరికితే అదే అదృష్టం. కాలుజారిన ముత్తవ్వ మాత్రం పేజీలకు పేజీలు దొరుకుతుంది. ఆమె ఎవరింట్లో పనిచేసింది, ఎవరి పేరు చెప్పింది, వాడేమన్నాడు, ఏ పొరుగింటావిడ ఏం చూశానంది, అన్నీ ఉంటాయి.

ఎందుకిలా అంటే, ఆ పుస్తకాలు మనవల కోసం రాసినవి కావు. చర్చి తన అవసరానికి రాసుకుంది.

స్కాట్లండ్‌లో ఇప్పటికి మిగిలిన వాటిలో అన్నిటికన్నా పాతది పెర్త్‌షైర్‌లోని ఎరల్ పారిష్ రిజిస్టరు. 1553లో మొదలైంది. అప్పటికింకా ఆ దేశంలో కాథలిక్ మతమే రాజ్యమేలుతోంది. అంతకుముందు ఏడాదే మతాధికారుల సభ ఒకటి, ప్రతి పారిష్‌లోనూ బాప్తిస్మాలూ పెళ్లి ప్రకటనలూ రాసిపెట్టాలని తీర్మానించింది. 1560లో మత సంస్కరణ వచ్చి చర్చి ప్రొటెస్టెంట్ల చేతికి పోయినా రాసే ఆనవాయితీ కొనసాగింది. కొనసాగిందన్న మాటేగానీ అన్నిచోట్లా కాదు. పల్లపు ప్రాంతంలో 17వ శతాబ్దంలోనే పుస్తకాలు తెరిచిన ఊళ్లున్నాయి. ఉత్తరాన కొండసీమలో, దీవుల్లో, 18వ శతాబ్దం చివరిదాకా, ఒక్కోచోట 19వ శతాబ్దం దాకా కలం పట్టినవాడే లేడు. సుమారు 900 పారిష్‌లు, 3,500 దాకా సంపుటాలు. 1854తో ముగిసే ఈ రాశినే అక్కడ పాత పారిష్ రిజిస్టర్లు అంటారు.

రాసేవాడు ఎవరు? చాలా ఊళ్లలో బడిపంతులే. జీతం అంతంతమాత్రం కాబట్టి చర్చి గుమాస్తాగిరీ కూడా ఆయనే చేసేవాడు. ఒక్కో నమోదుకు ఇంత అని రుసుం పుచ్చుకునేవాడు. రుసుం ఇవ్వనివాడి బిడ్డ పుస్తకంలోకి ఎక్కకపోవచ్చు. ఇచ్చినా పంతులు చిత్తుకాగితం మీద రాసుకుని, సాపు చేయడం మరిచిపోవచ్చు. ఆయన పోతే ఆయన ట్రంకుపెట్టెతోపాటే పదేళ్ల బాప్తిస్మాలు పోవచ్చు. 1790ల్లో సర్ జాన్ సింక్లెయిర్ ప్రతి పారిష్ పాదిరికీ ప్రశ్నలు పంపి, జవాబుల్ని సంపుటాలుగా అచ్చువేయించాడు. మా రిజిస్టరును నమ్మి జనాభా లెక్క చెప్పలేమని అందులో పాదిరులే రాశారు.

దీనికి తోడు ప్రభుత్వం ఒక దెబ్బ కొట్టింది. 1783లో బ్రిటిష్ పార్లమెంటు ప్రతి బాప్తిస్మం, పెళ్లి, ఖననం నమోదు మీదా మూడు పెన్నీల పన్ను వేసింది. కూలినాలి చేసుకునేవాడి రోజు సంపాదనలో మూడు పెన్నీలు తక్కువేం కాదు. మరీ నిరుపేదలకు మినహాయింపు ఉన్నా, నిరుపేదనని ఊరందరి ముందూ ఒప్పుకోవడం ఎవరికి ఇష్టం? బిడ్డకు బాప్తిస్మం ఇప్పించుకుని, పుస్తకం జోలికి పోకుండా ఇంటికెళ్లిపోయేవారు. 1794లో పన్ను ఎత్తేశారు. ఈ పదకొండేళ్లలో పుట్టిన పూర్వీకుడు దొరక్కపోతే మనిషి లేడనుకోనక్కర్లేదు, వాడి తండ్రి మూడు పెన్నీలు మిగిల్చుకున్నాడనుకోవాలి.

చర్చిలో చీలికలు మరో చిక్కు. 1733లో కొందరు విడిపోయారు. 1761లో ఇంకొందరు. 1843 మే నెలలో ఎడిన్‌బరోలో జరిగిన మహాసభ నుంచి థామస్ చామర్స్ అనే నాయకుడి వెంట పాదిరులు మూకుమ్మడిగా లేచి బయటికి నడిచారు. మొత్తమ్మీద 450 మందికి పైగా పాదిరులు తమ బంగళాలు, జీతాలు వదులుకుని స్వేచ్ఛా చర్చి పెట్టుకున్నారు. విడిపోయినవాళ్ల పిల్లల పేర్లు పాత పారిష్ పుస్తకంలో ఎందుకుంటాయి? కుటుంబం ఊళ్లోనే ఉంటుంది, పుస్తకంలోంచి మాయమవుతుంది.

చావుల లెక్క ఇంకా అధ్వానం. ప్రొటెస్టెంటు చర్చికి ఖననం ఒక సంస్కారమే కాదు కాబట్టి రాయాలన్న పట్టింపు తక్కువ. అయితే శవపేటిక మీద కప్పడానికి చర్చి దగ్గర నల్లటి ముఖమల్ గుడ్డ ఉండేది. దాన్ని అద్దెకిచ్చేవారు. మంచి గుడ్డకు ఒక రేటు, పాతదానికి ఒక రేటు, పిల్లలకు చిన్నగుడ్డ. ఆ డబ్బు పేదల నిధికి జమ. చాలా పారిష్‌లలో ఫలానా మనిషి ఫలానా రోజుల్లో చనిపోయాడనడానికి మిగిలిన ఏకైక ఆధారం ఆ గుడ్డ అద్దె పద్దు. చిన్నగుడ్డ అద్దె పద్దులు ఒకే ఇంటి పేరు మీద వరసగా పడితే ఆ శీతకాలం ఆ ఇంట్లో ఏం జరిగిందో వేరే చెప్పనక్కర్లేదు.

మళ్లీ పాపుల దగ్గరికే వస్తాను, సరుకంతా అక్కడే ఉంది. పాదిరి, ఆయనతోపాటు ఊళ్లో పేరున్న సంఘ పెద్దలు కలిసి కూర్చుంటే అది కిర్క్ సెషన్. ఆదివారం పొలం పని చేసినా, తాగి వాగినా, పొరుగింటివాళ్లను తిట్టినా ఆ సభ ముందుకు పిలుపు వచ్చేది. బర్న్స్ స్నేహితుడు గావిన్ హామిల్టన్ మీద మోపిన తప్పుల్లో ఆదివారం తోటలో బంగాళాదుంపలు తవ్వించడం ఒకటి. హామిల్టన్‌ను సభ వేధించిందన్న కక్షతోనే బర్న్స్ మాక్లిన్ సంఘ పెద్ద విలియం ఫిషర్‌ను పట్టుకుని వ్యంగ్య కవిత రాసి, ఆయన్ని శాశ్వతంగా నవ్వులపాలు చేశాడు.

అన్నిటికన్నా ఎక్కువ కేసులు మాత్రం పెళ్లికాని గర్భాలవే. పనిపిల్ల నడుం మీద ఊరి కళ్లు పడగానే పిలిచేవారు. తండ్రెవరని అడిగేవారు. చెప్పకపోతే ప్రసవ సమయంలో మంత్రసాని చేత అడిగించేవారు. పేరు చెప్పాక వాణ్ని పిలిచేవారు. ఒప్పుకుంటే ఇద్దరికీ మూడు ఆదివారాల గద్దింపు, జరిమానా. కాదంటే సాక్షులు, ప్రమాణాలు, వాయిదాలు. ఇందులో నీతి ఎంత ఉందో లెక్క కూడా అంతే ఉంది. తండ్రి తేలకపోతే ఆ బిడ్డను పేదల నిధి నుంచి పోషించాల్సింది పారిష్ కాబట్టి, పెద్దలు పట్టు వదిలేవారు కాదు. శిక్ష పూర్తయ్యేదాకా బిడ్డకు బాప్తిస్మం ఆపేసేవారు. తప్పు చేసినవాళ్లను కూర్చోబెట్టే ఎత్తుపీట ఒకటి ఎడిన్‌బరో గ్రేఫ్రయర్స్ చర్చిది, వెస్ట్ కాల్డర్ నుంచి తెచ్చిన ముతక గోనె అంగీ ఒకటి ఇప్పుడు అక్కడి జాతీయ మ్యూజియంలో ఉన్నాయి. ఆ అంగీ తొడుక్కుని నిలబడ్డవాళ్ల వారసులు ఇవాళ కెనడా నుంచీ న్యూజిలాండ్ నుంచీ వచ్చి చూసి వెళుతుంటారు. రెండు వందల ఏళ్లు గడిస్తే ఇంటి అవమానం ఇంటి గర్వంగా మారుతుందేమో మరి.

ఊరు మారాలన్నా పారిష్ ఇచ్చే యోగ్యతాపత్రం కావాలి. నడవడి బాగుందని, పెళ్లికాలేదని పాత ఊరి పాదిరి రాసిస్తేనే కొత్త ఊళ్లో పని. ఆ పత్రాల పద్దు మిగిలిన చోట, ఒక పనివాడు ఏ ఊరినుంచి ఏ ఊరికి పోయాడో అంచెలంచెలుగా పట్టుకోవచ్చు.

వెతికేవాళ్లకు స్కాట్లండ్ చేసిన పెద్ద మేలు ఆడవాళ్ల పేర్ల విషయంలో. పెళ్లయినా రికార్డుల్లో పుట్టింటి పేరు పోదు. బాప్తిస్మం పద్దులో, సమాధిరాయి మీద, ఆమె తన ఇంటిపేరుతోనే ఉంటుంది. ఇంగ్లండ్ రికార్డుల్లో పెళ్లితో కనుమరుగయ్యే స్త్రీ ఇక్కడ చచ్చేదాకా దొరుకుతుంది.

పేర్లు పెట్టే పద్ధతి మాత్రం సాయమూ చేస్తుంది, ప్రాణమూ తీస్తుంది. పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు, మూడోవాడికి తండ్రి పేరు. పెద్దకూతురికి అమ్మమ్మ పేరు, రెండోదానికి నాయనమ్మ పేరు. తాత పేరు మనవడికి పెట్టుకునే మనకు ఇది వింతేం కాదు. పిల్లల పేర్లు వరసగా దొరికితే తాతల పేర్లు ఊహించవచ్చు. కానీ ఒక తాతకు ఐదుగురు కొడుకులుంటే, ఐదుగురి ఇళ్లలోనూ ఒకే పేరూ ఇంటిపేరూ ఉన్న మనవలు తిరుగుతుంటారు. బకీ లాంటి ఈశాన్య తీరపు జాలరి ఊళ్లలో ఈ గందరగోళం భరించలేక ప్రతివాడికీ ఓ మారుపేరు తగిలించారు. అది ఎంత అవసరమైందంటే చివరికి అధికారిక పత్రాల్లోకి కూడా ఎక్కింది. కొండసీమలోనూ దీవుల్లోనూ జనం మాట్లాడేది గేలిక్, గుమాస్తా రాసేది ఇంగ్లిష్. ఇంట్లో బేహక్ అని పిలిపించుకున్న పిల్ల ఒక పుస్తకంలో రెబెకా, ఇంకో పుస్తకంలో సోఫియా.

ఈ అస్తవ్యస్తమంతా ఎత్తిచూపుతూ జార్జ్ సెటన్ అనే న్యాయవాది 1854లో ఒక పుస్తకం రాశాడు. ఆ ఏడాదే చట్టం వచ్చింది. 1855 జనవరి 1 నుంచి నమోదు చర్చి చేతిలోంచి ప్రభుత్వం చేతికి మారింది. పాత పుస్తకాలన్నీ క్రమంగా ఎడిన్‌బరో చేరాయి.

కొత్త ఉత్సాహంలో అధికారులు ఫారంలో గళ్లు మీద గళ్లు గీశారు. 1855లో పుట్టిన బిడ్డ నమోదులో తల్లిదండ్రుల వయసులు, వాళ్లు పుట్టిన ఊళ్లు, పెళ్లెప్పుడు ఎక్కడ అయింది, అంతకుముందు పిల్లలెందరు అన్నీ అడిగారు. చనిపోయినవాళ్ల నమోదులో అమ్మానాన్నల పేర్లు, పిల్లలందరి పేర్లూ వయసులూ, ఎక్కడ పాతిపెట్టారన్నదీ. ఆ ఏడాది 80 ఏళ్ల ముసలమ్మ పోతే, ఆమె అమ్మానాన్నలు, అంటే 18వ శతాబ్దం నడిమి మనుషులు, పేర్లతో సహా చిక్కుతారు. చెప్పింది అల్లుడో పొరుగువాడో అయితే ఆ పేర్లను కాస్త అనుమానంగానే చూడాలి. రాయలేక రిజిస్ట్రార్లు గోల పెట్టారు. 1856 నుంచి గళ్లు తగ్గించారు. అందుకే వంశవృక్షాలు గీసేవాళ్లు తమ ముత్తాతల్లో ఒక్కరైనా 1855లోనే పోయి ఉండాలని కోరుకుంటారు. పోయినవాళ్లకు అభ్యంతరం ఉండదు లెండి.

పల్లపు ప్రాంతం రిజిస్టర్లకూ దీవుల రిజిస్టర్లకూ మధ్య తేడా మనకు తెలిసిన స్కాట్లండ్ మనుషుల్లోనే చూడొచ్చు. దత్తమండలం కలెక్టరుగా చేసి, 1827లో పత్తికొండలో కలరాతో పోయిన థామస్ మన్రో గ్లాస్గో వర్తకుడి కొడుకు. 1761 మే 27న పుట్టాడని తేదీతో సహా చెబుతారు. కాలిన్ మెకంజీది లూయిస్ దీవిలోని స్టోర్నొవే. ఆయన పుట్టిన ఏడాది కొందరు 1753 అంటారు, కొందరు 1754 అంటారు. ఆ దీవి పారిష్‌లలో రిజిస్టర్లు ఆలస్యంగా మొదలైనవే. పుట్టుక తేదీ రూఢిగా లేని ఈ పెద్దమనిషే కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల్ని తోడు పెట్టుకుని మన పల్లెపల్లె కరణాల కవిలెలు కదిలించి కైఫియత్తులు రాయించాడు. ఊరు ఎవరు కట్టారు, గుడి మాన్యం ఎంత, చెరువు ఎవరు తవ్వించారు, అన్నీ అందులో ఉన్నాయి.

ఇప్పుడు పారిష్ రిజిస్టర్లన్నీ స్కాట్లండ్స్ పీపుల్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఉన్నాయి. పేరు కొట్టి సూచిక వెతకడం ఉచితం, అసలు పేజీ బొమ్మ చూడాలంటే రుసుం కట్టాలి. 2021 నుంచి కిర్క్ సెషన్ పుస్తకాలు కూడా అక్కడే పెడుతున్నారు. వాటిని తెరమీద తిరగేయడానికి పైసా అక్కర్లేదు, దించుకుంటేనే డబ్బు. కాకపోతే వాటికి పేర్ల సూచిక లేదు. ముత్తాత ఏ తప్పు చేశాడో తెలుసుకోవాలంటే ఆయన పారిష్ పుస్తకం తెరిచి, గొలుసుకట్టు రాత అలవాటు చేసుకుని, ఊళ్లో అందరి తప్పులూ చదువుకుంటూ పోవాల్సిందే.