మొన ముందు, మోటారు తర్వాత

పాలంపేట రామప్ప గుడి రంగమంటపంలో నిలబడి పైకి చూస్తే మెడ పట్టేస్తుంది. కిందికి చూస్తే చూపు స్తంభాల మీద ఆగిపోతుంది. నల్లరాతిలో చెక్కిన లతల మధ్య సన్నటి చిల్లులు ఉంటాయి. సూది దూరేంత సన్నమని గైడ్లు చెబుతారు. వచ్చినవాళ్లు ఆహా అనుకుని ఫొటో తీసుకుని ముందుకు కదులుతారు. పోయినసారి వెళ్లినప్పుడు నాకు మాత్రం వేరే ఆలోచన వచ్చింది. ఇంతకీ దీన్ని దేంతో తొలిచారు?

ఆ ప్రశ్న రావడానికి కారణం భక్తీ కాదు, చరిత్రా కాదు, మా ఇంటి వెనక గది తలుపు. వానాకాలం వస్తే చెక్క ఉబ్బి గడపకు పట్టేస్తుంది. బాత్‌రూమ్‌లో టైల్స్ సందుల్లో నింపిన తెల్ల సిమెంటు నల్లబడి పెచ్చులూడుతోంది. వడ్రంగి మేస్త్రికి ఫోన్ చేస్తే ‘ఎల్లుండొస్త సార్’ అన్నాడు. ఆ ఎల్లుండి ఇంకా రాలేదు. ఆయన తప్పేం లేదు, అరపూట పని కూడా లేనిచోటికి ఎవరొస్తారు? అందుకే బ్లేడును అటూ ఇటూ ఊపుతూ కోసే ఆసిలేటింగ్ మల్టీటూల్ అనే చిన్న మిషన్ ఒకటి కొందామని నెల రోజులుగా దుకాణాలు తిరుగుతున్నాను. ఏది కొనాలో తేలక తలనొప్పి పట్టుకుంది. ఆ తలనొప్పితోనే హన్మకొండ నుంచి ములుగు మీదుగా డెబ్బై కిలోమీటర్లు ప్రయాణించి పాలంపేటలో దిగాను.

గుడి శాసనం మీద ఉన్న తేదీ శక సంవత్సరం 1135, శ్రీముఖ నామ సంవత్సరం, చైత్ర శుద్ధ అష్టమి. ఇప్పటి లెక్కలో 1213 మార్చి 31. ఆ రోజు ఆదివారం. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు ఈ రుద్రేశ్వరాలయాన్ని కట్టించాడు. నిర్మాణం నలభై ఏళ్లు సాగిందని అంటారు. అయినా జనం నోట నిలిచింది రాజు పేరూ కాదు, సేనాని పేరూ కాదు. శిల్పిదని చెప్పుకొనే రామప్ప అన్న పేరే నిలిచింది. 2021 జులై 25న యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చాక జనం పెరిగారు. ఇసుక పునాది, నీళ్లలో తేలే ఇటుకలు అందరి నోటా నలిగాయి కాబట్టి వాటి జోలికి పోను. రాళ్ల సంగతి చూద్దాం.

ఈ గుడిలో రాయి ఒక్కటే రకం కాదు. గోడలు ఎర్రటి ఇసుకరాయివి. దూలాల్లో, స్తంభాల్లో గ్రానైటు కూడా ఉంది. అసలు నగిషీ అంతా డోలరైట్ అనే నల్లరాతి మీద ఉంది. తెలంగాణ గ్రానైటు నేలను చీల్చుకుంటూ గోడల్లా పొడవుగా సాగే నల్లరాతి పొరలు చాలాచోట్ల కనిపిస్తాయి, ఇది ఆ రాయే. గ్రానైటులో స్ఫటికాలు పెద్దవి. ఉలి దెబ్బకు ఒక గింజ మొత్తం ఊడి వస్తుంది, సన్నటి వేలు చెక్కబోతే వేలే పోతుంది. డోలరైట్‌లో గింజ అంతకన్నా చాలా సన్నం. రాయి అన్ని వైపులా ఒకే తీరున తెగుతుంది, మెరుగు పడుతుంది. చూరు కింద ఒంటి వంపులతో నిలబడ్డ మదనికలు, వాళ్ల ఒంటి మీది నగలు ఆ రాతిలోనే ఎందుకున్నాయంటే కారణం ఇదే. శిల్పి ముందు రాయిని ఎంచుకున్నాడు, ఆ రాయి ఉలిని ఎంచుకుంది.

మా చిన్నప్పుడు విసుర్రాళ్లకు గంట్లు కొట్టడానికి ఒకాయన ఊళ్లోకి వచ్చేవాడు. భుజాన గోనెసంచి ఉండేది. అందులో సుత్తి ఒక్కటే, ఉలులు మాత్రం పది పన్నెండు. కొన్ని సూదిమొనవి, కొన్ని చదును మొనవి. రాయి చూసి, చేత్తో తడిమి, సంచిలోంచి ఒకటి తీసేవాడు. మధ్యాహ్నానికల్లా మొనలు మొద్దుబారేవి. కమ్మరి కొలిమి దగ్గరికి పోయి కాల్చి, సాగగొట్టి, నీళ్లలో ముంచి మళ్లీ పదును తెచ్చుకునేవాడు. గట్టిరాయి పనిలో సగం పని ఉలిది కాదు, కొలిమిది. రామప్ప పని జరిగిన ఆ ఏళ్లలో శిల్పుల పక్కనే కొలిమి రోజంతా మండకుండా ఉంటే ఆ రాయి తెగేది కాదు.

ఇక ఆ సన్నటి చిల్లులు. సుత్తితో కొడితే లత పగిలిపోతుంది. అక్కడ కొట్టడం కుదరదు, అరగదీయాలి. రాతికన్నా గట్టి పొడి వేసి, నీళ్లు చుక్కలు చుక్కలుగా పోస్తూ, సన్నటి మొనను తిప్పుతూ పోవాలి. అంతకన్నా దారి నాకు తోచలేదు. ఆ గట్టి పొడికి మన దగ్గర పేరుంది, కురువిందం. నేలలో మామూలుగా దొరికే ఖనిజాల్లో గట్టిదనంలో వజ్రం తర్వాతి స్థానం దీనిదే. మోస్ కొలతలో వజ్రానికి 10 అయితే కురువిందానికి 9. గ్రానైటులోని పలుగురాయికి 7. తెలంగాణలో ఖమ్మం వైపు ఇది నేలలోనే దొరుకుతుంది. దక్షిణాది నోట ఉన్న ఈ మాటే ఇంగ్లిషులోకి పోయి ‘కోరండం’ అయింది. అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ 1890ల్లో కొలిమిలో ఒక కొత్త గట్టి పదార్థం తయారుచేశాడు. అందులో కార్బనూ కోరండమూ ఉన్నాయనుకుని ‘కార్బొరండం’ అని పేరు పెట్టాడు. నిజానికి అది సిలికాన్ కార్బైడ్, కోరండం లేనే లేదు. కత్తులు సానపట్టే కార్బొరండం రాయిని మనం హార్డ్‌వేర్ దుకాణంలో అడిగి తెచ్చుకుంటాం కదా, అలా మన కురువిందం అన్న మాటే సముద్రాలు దాటి రూపు మార్చుకుని ఇంటికి వచ్చిందన్నమాట.

ఉక్కుదీ అదే కథ. ఇంగ్లిషువాళ్లు ‘వుట్జ్’ అన్నది మన ఉక్కు అనే మాటనే అంటారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో ఉక్కు తీసేవాళ్లు. దాన్ని కొనడానికి పర్షియా నుంచి వర్తకులు వచ్చి ఊళ్లో మకాం వేయడం హెన్రీ వాయిసీ అనే భూగర్భ శాస్త్రవేత్త 19వ శతాబ్దం మొదట్లో చూసి రాశాడు. వజ్రాల సంగతి చెప్పనే అక్కర్లేదు, కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులుండేవి. ఉక్కు, కురువిందం, వజ్రం. ఇప్పుడు దుకాణంలో మల్టీటూల్ డబ్బా తెరిచి చూడండి. ఉక్కు రంపపు బ్లేడు, త్రికోణపు ఉప్పుకాగితం, వజ్రపు పొడి అంటించిన బ్లేడు కనిపిస్తాయి. ఆ ఉప్పుకాగితానికి అంటించే అల్యూమినియం ఆక్సైడు కార్ఖానాలో చేసిన కురువిందమే.

మిషన్ మాత్రం మనది కాదు. దాని పుట్టుక ఆసుపత్రిలో. చెయ్యి విరిగి పిండికట్టు వేయించుకున్నవాళ్లకు, కట్టు విప్పేనాటి ఆ గుర్రుమనే చప్పుడు గుర్తుండే ఉంటుంది. గుండ్రంగా తిరిగే రంపమైతే కట్టుతో పాటు చర్మమూ తెగుతుంది. అమెరికాలోని కలమజూలో హోమర్ స్ట్రైకర్ అనే ఎముకల డాక్టరు, తిరగకుండా అటూ ఇటూ ఊగే రంపం చేసి 1947లో పేటెంటు పొందాడు. గట్టి పిండి అలాగే నిలబడుతుంది కాబట్టి తెగుతుంది, మెత్తటి చర్మం రంపంతో పాటే ఊగి తప్పించుకుంటుంది. జర్మనీలో ఫైన్ అనే కంపెనీ 1867 నుంచి ఉంది. చేతిలో పట్టుకునే తొలి విద్యుత్ డ్రిల్లు 1895లో తెచ్చింది వాళ్లే. 1967లో వాళ్లూ ఊగే పిండికట్టు రంపం తయారుచేశారు. 1980ల్లో దానికే త్రికోణపు పలక తగిలించి చెక్కపనికి తిప్పారు. తర్వాత రంపపు బ్లేడ్లు, గీకే పలకలు చేరాయి. 2008 ప్రాంతంలో పేటెంట్ల గడువు ముగిసింది, ఇక మిగతా కంపెనీలన్నీ వెంటపడ్డాయి. ఇప్పుడు ప్రతి రంగులోనూ ఒక మల్టీటూల్ ఉంది.

ఒక హెచ్చరిక. ఆసుపత్రి రంపం చర్మాన్ని కొయ్యదు కదా అని మన మిషన్ మీద చెయ్యి పెట్టొద్దు. చెక్క కోసే బ్లేడుకు పళ్లు పదునుగా ఉంటాయి, వేలూ తెగుతుంది.

ఊపు ఎంత అంటారా? మూడు డిగ్రీలు, కొన్నింట్లో నాలుగైదు. నిమిషానికి పది ఇరవై వేలసార్లు. అంతే. ఈ ఊపుతో పలక చీల్చబోతే తెల్లారుతుంది. దూలం కొయ్యడానికి, గోడ తొలవడానికి ఇది పనికిరాదు. వేరే రంపం దూరని మూలలో పెట్టి చిన్న కోత కొయ్యాలంటే మాత్రం దీన్ని మించింది లేదు. గుమ్మం చెక్క కింద అంగుళంలో మూడోవంతు తీసేయాలన్నా, గోడ పక్కనే ఉన్న పీవీసీ పైపు కొయ్యాలన్నా, ప్లైవుడ్‌లో స్విచ్‌బోర్డుకు కిటికీ తీయాలన్నా, తుప్పు పట్టి తిరగని స్క్రూ తల నరకాలన్నా ఇదే కావాలి. మన దగ్గర వీటన్నిటికీ నాలుగంగుళాల గ్రైండరే వాడేస్తారు. నిమిషానికి పదకొండు వేల చుట్లు తిరిగే ఆ గ్రైండరుకు చెక్క కోసే చక్రం తగిలించి, గార్డు పీకేసి పనిచేస్తుంటే చూసేవాళ్లకే గుండె ఆగిపోతుంది.

ఇక కొనడం. నేను మొదట్లో వాట్లు, బ్యాటరీ వోల్టులు, డబ్బాలో ఎన్ని వస్తువులున్నాయి అని లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను. ఒక దుకాణంలో కౌంటరు వెనక ఉన్న కుర్రాడు నన్ను ఆపేశాడు. “అన్నా, ముందుగాల చెప్పు, ఏం కొయ్యాలె?” అన్నాడు. గోనెసంచి ఆయన రాయిని తడిమి చూసిన క్షణం గుర్తొచ్చింది. మెత్తటి చెక్కకు మామూలు ఉక్కు బ్లేడు చాలు. చెక్కలో మేకులుంటే బైమెటల్ కావాలి, అంటే వంగే ఉక్కు మీద గట్టి ఉక్కు పళ్లు అతికించినది. స్టీలు స్క్రూలకు కార్బైడ్ పళ్లు. టైల్స్ సందుల సిమెంటుకు కార్బైడ్ గరుకు గాని, వజ్రపు గరుకు గాని. మామూలు ఉక్కు బ్లేడు సిమెంటు మీద పెడితే రెండు నిమిషాల్లో పళ్లు రాలిపోతాయి. పక్కన కొలిమి ఉండదు కాబట్టి కొత్తది కొనాల్సిందే. ఏడాది తిరిగేసరికి బ్లేడ్ల ఖర్చు మిషన్ ఖరీదును దాటినా ఆశ్చర్యపోను.

అందుకే బ్లేడు తగిలించే మూతి చూడండి. 2016 నుంచి ఫైన్, బాష్ కలిసి స్టార్‌లాక్ అనే పట్టు అమ్ముతున్నాయి. గట్టిగా కూర్చుంటుంది, నొక్కితే ఎక్కుతుంది, మీట లాగితే ఊడుతుంది. అందులోనూ మామూలు, ప్లస్, మ్యాక్స్ అని మూడున్నాయి. చిన్న మిషన్‌కు మ్యాక్స్ బ్లేడు ఎక్కదు. చాలా ఇతర కంపెనీలు వాడే తెరిచిన గాటు పట్టుకు అన్నిచోట్లా చౌక బ్లేడ్లు దొరుకుతాయి. ఏది మంచిదని అడిగితే మీ ఊళ్లో బ్లేడ్లు దేనికి దొరుకుతాయో అదే మంచిది. డబ్బాలో ముప్పై వస్తువులున్నాయని మురిసిపోకండి, వాటిలో ఇరవై ఉప్పుకాగితాలే.

వేగం తగ్గించే మీట తప్పనిసరి. పీవీసీ పైపు మీద పూర్తి వేగంతో పెడితే అది తెగదు, కరిగి బ్లేడుకే అంటుకుంటుంది. ఇంటి పనికి మూడు వందల వాట్లు ధారాళం. ఇంట్లో ఇప్పటికే ఏదైనా కంపెనీ బ్యాటరీ డ్రిల్లు ఉంటే అదే బ్యాటరీ పట్టే ఖాళీ మిషన్ కొనుక్కోండి. లేకపోతే వైరుదే మేలు. బాత్‌రూమ్ మొత్తం సందులు గీకే పనికి బ్యాటరీ సగంలో చేతులెత్తేస్తుంది. కొనేముందు దుకాణంలోనే రెండు నిమిషాలు నడిపించి పట్టుకోండి. అరచెయ్యి జిల్లుమంటే అక్కడే వదిలేయండి.

దుమ్ము మాట దుకాణంలో ఎవరూ ఎత్తరు. రామప్ప గోడల్లోని ఇసుకరాయే చూడండి, దాదాపుగా పలుగురాతి గింజలే. పొడిగా చెక్కితే లేచే సన్నటి పొడి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది, దాన్ని పూర్తిగా నయం చేసే వైద్యం లేదు. ఆ గోడలు చెక్కినవాళ్లలో ఎందరు దగ్గుతూ పోయారో ఏ శాసనమూ చెక్కలేదు. సిమెంటు గీకినా, టైలు కోసినా లేచేది అదే పొడి. ఎన్95 మాస్కు, కళ్లద్దాలు పెట్టుకోకుండా మొదలుపెట్టొద్దు. పాత తలుపుల ఎనామిల్ రంగు గీకేటప్పుడు ఇంకో జాగ్రత్త. రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగును తడి ఉప్పుకాగితంతో రుద్దండి, పిల్లల్ని పక్క గదిలోకి పంపండి. గోడలో కోత పెట్టేముందు ఆ గోడలోని వైర్లకు కరెంటు ఆపండి.

పాలంపేటలో గుడి చెంతనే ఇల్లున్నవాళ్లకు మిషన్ కన్నా ముందు కాగితం కావాలి. పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, దాని అవతల మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. నిషిద్ధ ప్రాంతంలో కొత్త నిర్మాణానికి వీల్లేదు, పాత ఇంటి మరమ్మతుకూ అనుమతి తీసుకోవాలి. ఎనిమిది వందల ఏళ్ల గుడి పక్కన కాపురం ఉండే గౌరవానికి ఆ పాటి ఇబ్బంది ఉంటుంది.

చివరికి నేను కొన్నది ఓ మాదిరి వైరు మిషన్, రెండు బైమెటల్ బ్లేడ్లు, ఒక కార్బైడ్ గరుకు బ్లేడు. తలుపు పావుగంటలో లొంగింది. బాత్‌రూమ్ సందులకు రెండు ఆదివారాలు పట్టింది, రెండో ఆదివారం సాయంత్రానికి గరుకు బ్లేడు నున్నబడిపోయింది. మీరు దుకాణానికి వెళ్తే మిషన్ చూపించమని తర్వాత అడగండి. ముందు ‘దీనికి బ్లేడ్లు మీ దగ్గర విడిగా దొరుకుతాయా?’ అని అడగండి. దొరకవంటే, పక్క దుకాణానికి నడవండి.