నూట ఇరవయ్యేళ్ళ వైపరు గోల

వైపర్ల చరిత్ర అనగానే అందరూ రాబర్ట్ కర్న్స్ గురించే చెప్తారు. 2008లో 'ఫ్లాష్ ఆఫ్ జీనియస్' అని సినిమా కూడా తీశారు. ఫోర్డ్ మీద కేసేసి గెలిచిన ఇంజనీరు, కాబట్టి మన జాతికి హీరో. నాకూ హీరోనే. కానీ ఆయన చేసినదాన్ని పేటెంట్ గొడవగా కాకుండా, అద్దమ్మీద వైపరు గర్రుమంటూ వణికే సమస్య వైపునుంచి చూస్తే కథ ఇంకా బావుంటుందని నా అభిప్రాయం.

ముందు ఆ వణుకు సంగతి. రబ్బరు అంచు ఎప్పుడూ వెనక్కి వాలి, ఈడ్చుకుంటూ పోవాలి. దిశ మారినప్పుడల్లా అటునుంచి ఇటు తిరగబడాలి. మధ్యలో పల్చటి నీటిపొర ఉన్నంతసేపూ హాయిగా జారుతుంది. అద్దం సగం ఆరిందా, రబ్బరు అతుక్కుంటుంది, చెయ్యి లాగుతుంది, ఠప్పున వదులుతుంది, మళ్ళీ అతుక్కుంటుంది. ఫిడేలు మీద కమాను చేసేదీ ఇదే పని, కాకపోతే అక్కడ సంగీతం వస్తుంది.

1903లో అలబామాకి చెందిన మేరీ ఆండర్సన్ పేటెంట్ పొందిన వైపరుకి ఈ బాధ తక్కువే అయ్యుండాలి. లోపల్నుంచి లీవరు పట్టుకుని చేత్తో తిప్పాలి కదా, తుడవడానికి నీళ్ళున్నప్పుడే మనిషి తిప్పుతాడు. (పాపం, ఆవిడకి దానిమీద డబ్బేమీ రాలేదు.) తర్వాత ఇంజను పీల్చే గాలితో నడిచే వైపర్లొచ్చాయి. అమెరికాలో దశాబ్దాల పాటు అవే. యాక్సిలరేటర్ తొక్కితే ఆ పీల్పు తగ్గి వైపరు నీరసించిపోయేది. అంటే వానలో లారీని దాటబోతున్నప్పుడు, సరిగ్గా అప్పుడే, అద్దం కనపడదన్నమాట! ఎలక్ట్రిక్ మోటారు ఆ గండం గట్టెక్కించింది గానీ, చినుకు పడినా కుండపోత అయినా ఆగకుండా ఊపడమే దాని పని. తుంపర్లలో వైపరు పొడి అద్దాన్ని గీకడం, డ్రైవరు స్విచ్చి వెయ్యడం, కట్టెయ్యడం.

1953లో కర్న్స్ పెళ్ళిరోజు రాత్రి షాంపేన్ బిరడా ఎగిరి ఎడమకన్ను దెబ్బతింది. వానలో డ్రైవింగ్ కష్టమైన ఆ మనిషికి వచ్చిన ఆలోచన ఏంటంటే, కనురెప్ప ఆగాగి కొట్టుకుంటుంది కదా, వైపరెందుకు అలా చెయ్యకూడదు? 1964లో దరఖాస్తు, 1967లో పేటెంట్. కెపాసిటర్, రెసిస్టర్, ట్రాన్సిస్టర్. కెపాసిటర్ వోల్టేజీ ఓ స్థాయి చేరేదాకా వైపరు పడుకుంటుంది. రెసిస్టెన్స్ మారిస్తే విరామం మారుతుంది. ఆ విరామంలో అద్దమ్మీద నీళ్ళు చేరతాయి. ఆయన రబ్బరుని ముట్టుకోలేదు, మధ్యలో ఓ 'స్లీప్' పెట్టాడంతే.

1969లో ఫోర్డ్ సొంతంగా ఇలాంటిదే తెచ్చింది. 1978లో కర్న్స్ కేసేశాడు. ఇందులో విడిభాగాలన్నీ పాతవే, కొత్తేముంది అని కంపెనీ వాదన. ఆ లెక్కన మనం రాసే కోడ్‌లోనూ కొత్తేం లేదు, కీవర్డులన్నీ ఎవరో ఇచ్చినవే! 1990లో జ్యూరీ, ఉల్లంఘన నిజమే గానీ కావాలని చేసింది కాదంది. ఫోర్డ్ 1.02 కోట్ల డాలర్లు కట్టింది. తర్వాత క్రైస్లర్ మీద కేసు తనే వాదించుకుని అదీ గెలిచాడు. డబ్బొచ్చింది. తన వైపరు తనే తయారుచేసుకోవాలన్న కోరిక మాత్రం తీరలేదు, తొలి పేటెంటు గడువు కేసు తేలేలోపే అయిపోయింది. 2005లో పోయాడు.

రబ్బరు కథ మాత్రం అక్కడే ఉంది. మనూళ్ళో ఎండాకాలమంతా ఒకే పక్కకి ఒరిగి గట్టిపడిన రబ్బరు, తొలకరి రోజున తిరగబడనని మొరాయిస్తుంది. అలా గట్టిపడితే మార్చడమే. అద్దం అలికినట్టు మసకగా అయితే మాత్రం వెంటనే బ్లేడు కొనకండి, చాలాసార్లు అది నూనె జిడ్డో, కార్ వాష్ వాళ్ళు పూసిన పాలిషో. అద్దాన్ని సబ్బునీళ్ళతో బాగా రుద్ది, రబ్బరు అంచుని స్పిరిట్ గుడ్డతో తుడిచి చూడండి. మధ్యలో కొంత మేర తుడవకుండా వదిలేస్తుంటే బ్లేడు వంగిందేమో, స్ప్రింగు వదులైందేమో చూసుకోవాలి. అటు వెళ్ళేటప్పుడు బానే ఉండి, ఇటు వచ్చేటప్పుడు మాత్రమే వణుకుతోందా? వైపరుని మధ్యలో ఆపి పక్కనుంచి చూడండి. రబ్బరు అద్దానికి నిలువుగా ఉండాలి. లేదంటే చెయ్యి మెలితిరిగిందన్నమాట, మెకానిక్ దాన్ని పట్టకారుతో సరిచేసేదాకా ఎన్ని కొత్త బ్లేడ్లు మార్చినా ఆ వణుకు పోదు.